అపార్ట్‌మెంట్ మీద సోలార్, ఊరి నుంచి బియ్యం: వరద చూసిన తర్వాత దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది అయిదు అంతస్తుల్లో 24 కుటుంబాలున్న అపార్ట్‌మెంట్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్లు ఊరి మీదకు వచ్చినప్పుడు మా కింది పార్కింగ్ అంతా మునిగిపోయింది. కరెంటు మీటర్లు, మోటారు స్టార్టరు, వాచ్‌మన్ కుటుంబం ఉండే గది అన్నీ అక్కడే ఉండడం వల్ల ఒక్కటీ మిగలలేదు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లం ప్రాణాలతో క్షేమంగానే ఉన్నాం కానీ తాగునీటికి, పాలకు, ఫోన్ ఛార్జింగుకు పడవల కోసం, డ్రోన్ల కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

ఆ తర్వాత మా సంఘం సమావేశాల్లో మాటల తీరు మారింది. అంతకుముందు లిఫ్టు మరమ్మతు తప్ప మరో విషయం పట్టనివాళ్లు కూడా ఇప్పుడు డబ్బు వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. డాబా మీద సోలార్ పెట్టించాలని కొందరు, ప్రకృతి సేద్యం చేసే రైతుల దగ్గర బియ్యం, పప్పులు అందరం కలిసి కొనుక్కోవాలని మరికొందరు, తడిచెత్తను ఇక్కడే ఎరువుగా మార్చి పైన ఆకుకూరలు వేసుకోవాలని ఇద్దరు ముగ్గురు అంటున్నారు. మూడూ మంచివే. కానీ మూడూ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ నిలవదేమోనని కార్యదర్శిగా నా భయం. "మనం 24 ఇళ్లవాళ్లం ఏం చేస్తే ఈ వాతావరణం మారుతుంది, ఇదంతా మన తృప్తి కోసమే కదా" అని అడిగిన పెద్దాయనకు కూడా నా దగ్గర సూటి జవాబు లేదు. అనుభవం ఉన్నవారు దేనితో మొదలుపెట్టమంటారో, ఎందుకో వివరంగా చెప్పగలరా?

జవాబు (విద్యుత్ రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరు, రాజమహేంద్రవరం)

కార్యదర్శి గారికి, మీ సంఘం ముందుగా తేల్చుకోవలసింది ఏ పరికరం కొనాలన్నది కాదు, ఏ ప్రయోజనం కోసం కొంటున్నామన్నది. బిల్లు తగ్గడం ఒక లెక్క, బొగ్గు పొగ తగ్గడం రెండో లెక్క, వరద వచ్చిన వారం గడిచి గట్టెక్కడం మూడో లెక్క. ఈ మూడూ ఒకటేనని అనుకుని డబ్బు పెట్టినవారు చాలామంది తర్వాత నిరాశపడ్డారు.

ఉదాహరణకు సోలార్ సంగతే చూడండి. మామూలుగా అమ్మే, వీధి కరెంటు లైనుకు కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ వ్యవస్థ, వీధిలో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. అది లోపం కాదు, లైన్ మీద పనిచేసే మనిషికి మీ డాబా నుంచి వెళ్లే కరెంటు తగలకుండా కావాలని పెట్టిన రక్షణ. కనుక బుడమేరు వచ్చిన రోజుల్లో మీ డాబా నిండా సోలార్ పలకలున్నా, పైన ఎండ కాస్తున్నా, ఒక్క ఫోన్ కూడా ఛార్జ్ అయ్యేది కాదు. అమ్మేవాళ్లలో ఈ మాట ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. ఆపదలో పనికిరావాలంటే వీధి లైను లేకపోయినా పలకలు, బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి తగిన బ్యాటరీ ఉండాలి.

అంత మాత్రాన పెద్ద బ్యాటరీ అక్కరలేదు. వరండా దీపాలు రాత్రంతా వెలగడానికి యూనిట్ పైన కొంచెం, ఇంటికి రెండేసి ఫోన్లకు అన్నీ కలిపి యూనిట్ లోపు, 3 హెచ్‌పీ మోటారు గంటసేపు నడవడానికి మూడు యూనిట్ల లోపు పడుతుంది. మొత్తం రోజుకు అయిదు యూనిట్లు అనుకోండి. మోటారును పగలే, నేరుగా ఎండ నుంచి వచ్చే కరెంటుతో నడిపితే బ్యాటరీ మీద భారం ఇంకా తగ్గుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది కనుక దాన్ని మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టరు పెట్టించండి. లిఫ్టును మాత్రం ఈ లైనుకు కలపకండి, ఎంతమంది అడిగినా.

పలకల లెక్క ఇది. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల స్థలం కావాలి, మన ప్రాంతంలో అది రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మీ ఉమ్మడి మీటరు నెలకు 900 యూనిట్ల చుట్టూ తిరుగుతుంటే 8 కిలోవాట్లు సరిపోతాయి. ముసురు పట్టిన రోజుల్లో రాబడి అయిదో వంతుకు పడిపోయినా ఆరు యూనిట్ల పైన వస్తుంది, అంటే పైన చెప్పిన అత్యవసరాలకు చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాలకైతే కిలోవాట్‌కు 18,000 చొప్పున ఇస్తారు. రాయితీ పొందే విషయంలో దరఖాస్తు సంఘం పేరిట వెళ్లాలి కనుక సంఘం రిజిస్ట్రేషను, తీర్మానం కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

మీరుండేది తుపాను గాలి తగిలే ప్రాంతం. భారతీయ ప్రమాణాల పటంలో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా ఉంది. పలకల కింది ఇనుప చట్రాన్ని దానికి తగ్గట్టు రూపొందించినట్లు రాతపూర్వకంగా అడగండి. ధర తగ్గించడానికి అందరూ మొదట కోత పెట్టేది ఈ చట్రం దగ్గరే.

ఇక పొగ లెక్కకు వస్తే, సోలార్ కన్నా ముందు ఫ్యాన్లు మార్చమంటాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఇంటికి ఎక్కువగా తిరిగే రెండేసి ఫ్యాన్లు మార్చి, అవి రోజుకు 12 గంటలు తిరుగుతాయనుకున్నా, మీ అపార్ట్‌మెంట్ మొత్తం మీద రోజుకు 23 యూనిట్లు మిగులుతాయి. 8 కిలోవాట్ల పలకలు రోజంతా ఇచ్చేది 32. ఖర్చులో తేడా మీరే చూసుకోండి. మరో మాట. పర్యావరణం కోసమని గ్యాసు మానేసి రాత్రి వంటకు ఇండక్షన్ పొయ్యి కొనేవారున్నారు. 14.2 కిలోల సిలిండర్ కాలితే 42 కిలోల చుట్టూ బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అదే వంటకు ఇండక్షన్ సుమారు 140 యూనిట్లు వాడుతుంది. మన దేశంలో గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సగటున 0.7 కిలోల వాయువు పడుతున్నది కనుక అది వంద కిలోల దగ్గర తేలుతుంది. పగటి వంట సోలార్ మీద చేస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఇండక్షన్ మంచిదే. అయినా నిండు సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాలి, ఎందుకంటే వరదలో నీళ్లు మరిగించుకోవలసింది దాని మీదే.

జవాబు (ప్రకృతి సేద్యం చేస్తున్న రైతు, తెనాలి దగ్గర)

అమ్మా, కరెంటు సంగతి పెద్దవారు చెప్పారు. బియ్యం సంగతి నేను చెబుతాను. "24 ఇళ్లవాళ్లం ఏం చేయగలం" అన్న పెద్దాయనకు ఈ లెక్క చూపించండి. ఇంటికి నెలకు 25 కిలోల బస్తా చొప్పున మీ అందరికీ నెలకు 600 కిలోలు, ఏడాదికి 7,200 కిలోల బియ్యం కావాలి. వడ్లలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ బియ్యమవుతాయి కనుక, మన 75 కిలోల బస్తాల లెక్కన దాదాపు 150 బస్తాల వడ్లు. ఎకరాకు 20 నుంచి 25 బస్తాలు పండితే అది ఆరేడు ఎకరాల సార్వా పంట. అంటే మీ అపార్ట్‌మెంట్ మొత్తం కలిసి మా ఊళ్లో రెండు మూడు చిన్న కమతాలకు ఏడాది పొడవునా కొనుగోలుదారు. ఒక రైతు యూరియా, పురుగుమందు మానాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా బలమైన ధైర్యం ఏ శిక్షణ శిబిరంలోనూ దొరకదు.

రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ఈ సేద్యాన్ని నడిపిస్తున్నది, 2024లో దానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ పురస్కారం కూడా వచ్చింది. మంచిదే, సంతోషమే. కానీ పురస్కారం వచ్చిన ఏడు కూడా నాలాంటివాళ్లు వడ్లను మిల్లుకు మామూలు ధరకే తోలారు. పండించడం నేర్పేవాళ్లున్నారు, విడిగా కొనేవాళ్లు తక్కువ. మేము తొలకరికి ముందు పొలంలో నవధాన్యాలు చల్లి అవి ఎదిగాక కలియదున్నుతాం, నాటు ముందు ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి చేసే ఘనజీవామృతం, తర్వాత అదే ద్రవంగా చేసిన ద్రవజీవామృతం ఇస్తాం, పురుగు కనిపిస్తే వేపతో చేసే నీమాస్త్రం లాంటి కషాయాలు కొడతాం. ఇందులో మందుల ఖర్చు తగ్గుతుంది, చాకిరీ పెరుగుతుంది. మొదటి ఏళ్లలో దిగుబడి కొంత పడిపోయే పొలాలూ ఉంటాయి. ఆ తేడాను ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి మీరు మా దగ్గరకు వచ్చేటప్పుడు బియ్యం ధర అడగడంతో మొదలుపెట్టకండి. కోత కాగానే మేం వడ్లు ఎందుకు అమ్మేసుకుంటామో అడగండి. అప్పులవాళ్లు కళ్లంలోనే నిలబడతారు, అందుకే. కోతల సమయంలో మీ సంఘం సగం సొమ్ము ముందుగా ఇవ్వగలిగితే మేం వడ్లను మా ఇళ్లలోనే నిల్వ ఉంచి రెండు నెలలకొకసారి ఆడించి పంపుతాం. ఇది మీకూ మేలు. మందు కలపని, తక్కువ పాలిష్ పట్టిన బియ్యం ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటే మూడో నెలకే పురుగు పడుతుంది, మీ వాళ్లు మమ్మల్ని తిడతారు, అక్కడితో ఆ బేరం ముగుస్తుంది. ఇలా ముగిసిపోయిన బేరాలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వడ్లకు ఆ బాధ తక్కువ. పైగా మీకు వరద వచ్చినా మీ ధాన్యం మునగని చోట ఉంటుంది.

కూరగాయల జోలికి మాత్రం మొదటి ఏడాది వెళ్లకండి. టమాటా ఎప్పుడూ ఒకే సైజులో, ఒకే ధరలో రావాలనుకునే ఇళ్లతో రైతుకు పొత్తు కుదరదు. బియ్యం, మినుములు, పెసలతో మొదలుపెట్టి, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరాక చూద్దాం.

జవాబు (హైదరాబాద్, కూకట్‌పల్లి)

ఇంజనీరు గారి లెక్కలతో ఏకీభవిస్తూనే ఒక్క అభ్యంతరం. "పొదుపు ముందు, సోలార్ తర్వాత" అనడం కాగితం మీద బాగుంటుంది కానీ మనుషులు అలా కదలరు. మా తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ గీత లోపల ఉన్న ఇంటికి ఫ్యాను మార్చినా, పలకలు పెట్టినా జేబులో మిగిలేది ఏమీ ఉండదు, గీత దగ్గరకు వచ్చినప్పుడు మాత్రమే పొదుపు గుర్తొస్తుంది. మీ దగ్గర కూడా ఎవరి బిల్లు వారిది, ఎవరి ఫ్యాను వారిది. 24 ఇళ్ల చేత ఫ్యాన్లు మార్పించడం కన్నా ఉమ్మడి డాబా మీద ఒక్క పని చేయించడం సులువు. ఎందుకంటే అది కనబడుతుంది, అందరిదీ అవుతుంది, రెండో పనికి ఊపునిస్తుంది. పలకలు పట్టని మిగతా డాబాకు వేసవికి ముందు తెల్ల కూల్‌రూఫ్ పెయింటు గానీ, కనీసం సున్నం గానీ వేయించండి. పై అంతస్తువాళ్లు మిమ్మల్ని దీవిస్తారు. మా ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానమే తెచ్చింది. తడిచెత్త గురించి రెండే మాటలు. 24 ఇళ్ల చెత్తకు మూడు పెద్ద డ్రమ్ములు, ఎండుటాకులు లేదా కొబ్బరిపొట్టు చాలు. వాసన వస్తున్నదంటే తడి ఎక్కువైందని అర్థం, పొడి పదార్థం కలపండి. ఆ పని ఇష్టంగా చేసే ఇద్దరికి అప్పగించి సంఘం పక్కకు తప్పుకోవడం మేలు.

జవాబు (జహీరాబాద్ ప్రాంతంలో మహిళా సంఘాలతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయిని)

ప్రశ్నలో ఒక మాట దగ్గర నా చూపు ఆగింది. నీళ్లు వచ్చినప్పుడు పోయినవాటిలో వాచ్‌మన్ గది కూడా ఉందని రాశారు. పై అంతస్తులవారికి అది అసౌకర్యం, ఆ కుటుంబానికి సర్వస్వం. తర్వాత వచ్చిన మూడు ప్రతిపాదనల్లోనూ వారి ప్రస్తావన లేదు. తప్పుపట్టడానికి అనడం లేదు, ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. అందుకే గుర్తు చేస్తున్నాను.

పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పెంచిన సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, కొద్దిపాటి చెల్క భూములవారు. రేషన్‌లో బియ్యమే వస్తూ జొన్న తిండి, జొన్న సాగు రెండూ వెనకబడిపోతున్న 1990లలో వారు పడావు (బీడు) భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊరి ధాన్య నిధిలో జమ చేశారు. కరువు నెలల్లో ఆ ధాన్యాన్ని ఊళ్లోని పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారో, ఎవరికి ఎంత ఇవ్వాలో ఊరివాళ్లే కూర్చుని నిర్ణయించుకున్నారు. విత్తనం కూడా అంతే. కొర్ర, సామ, తైద (రాగి), కంది లాంటి పాత పంటల గింజలను ఇళ్లలో బుట్టల్లో దాచి, అడిగినవారికి ఇచ్చి, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకునే పద్ధతి. ఒక చేనులో పది పన్నెండు రకాలు కలిపి వేస్తే వాన ఎటు పోయినా ఏదో ఒకటి ఇంటికి వస్తుంది. ఆ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. కానీ నాకు అక్కడ ముఖ్యంగా తోచింది బహుమతి కాదు. నిధి లెక్కలో మొదటి పేరు ఊళ్లో అందరికన్నా లేనివారిది కావడం.

మీ అపార్ట్‌మెంట్‌కు దీన్ని ఎలా అన్వయించవచ్చో నాకు తోచినంత చెబుతాను. రైతు గారు చెప్పిన బియ్యం కొనుగోలులో ప్రతి ఇల్లూ నెలకు ఒక కిలో అదనంగా వేసుకుంటే 24 కిలోలవుతుంది. వాచ్‌మన్ కుటుంబానికి, ఇళ్లలో పనిచేసే స్త్రీలకు అది మామూలు రోజుల్లో జీతంలో భాగం కాకుండా హక్కుగా అందాలి, వరద రోజుల్లో అందరికీ నిల్వగా పనికిరావాలి. మెట్ల పైగదిని వానాకాలం నాలుగు నెలలూ ఆ కుటుంబం సామాన్లకు, అవసరమైతే వారు తలదాచుకోవడానికి ఖాళీగా ఉంచాలని తీర్మానం రాయండి. దీనికి రాయితీ అక్కరలేదు, టెండరు అక్కరలేదు.

బియ్యంలో కొంత భాగం జొన్నలు, కొర్రలుగా మార్చుకుంటే నీళ్లు తక్కువ తాగే పంటలకు గిరాకీ ఇచ్చినవారవుతారు. అయితే చిరుధాన్యాలు ఆరోగ్యం పేరుతో ఖరీదైన ప్యాకెట్లుగా మారాక, పండించే మా వాళ్లే కొనలేని రోజులు వచ్చాయి. కొంటే ముడి ధాన్యంగా, రైతు దగ్గరే కొనండి.

ప్రశ్న వేసినవారు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయనకు ఆరేడు ఎకరాల లెక్క చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ ముందస్తు సొమ్ములో తన వాటా మొదట రాసుకోమన్నారు. మెట్ల గది తీర్మానం ఈ ఆదివారమే పెడుతున్నాం, కూకట్‌పల్లి వారు అన్నట్లు ఎరువు డ్రమ్ములు ఇద్దరికి అప్పగించాం. ఇంజనీరు గారిని రెండు విషయాలు అడగాలి. మా సంపు పార్కింగ్ నేలకు సమానంగా ఉంది, వరదలో మురుగునీరు అందులోకి దిగింది. అటువంటప్పుడు బ్యాటరీతో మోటారు నడిపి ప్రయోజనమేమిటి? మీటర్లను మొదటి అంతస్తుకు మార్చడం మా చేతుల్లో ఉన్న పనేనా?

జవాబు (ఇంజనీరు, రాజమహేంద్రవరం)

సంపులో వరద నీరు దిగితే మోటారు నడపకూడదు, నడిపితే పై ట్యాంకు కూడా పాడవుతుంది. సంపు మూత చుట్టూ వరద ఎక్కిన గుర్తుకన్నా ఎత్తుగా గోడ కట్టించి, నీరు చొరబడని మూత పెట్టించాక మాత్రమే బ్యాటరీ మోటారు గురించి ఆలోచించండి. అంతవరకు మీ రక్షణ పై ట్యాంకే. అది 20,000 లీటర్లదనుకుందాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కగడతారు. మీ వందమందికి దగ్గరగా ఉన్న జనాభాకు ఆ చొప్పున ఒకటిన్నర రోజులో అయిపోతుంది. మనిషికి 20 లీటర్లే అని నియమం పెట్టుకుంటే పది రోజులు వస్తుంది. కాబట్టి వరద హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, ఇళ్లకు వెళ్లే వాల్వు కట్టేసి, పూటకు కొంతసేపే వదిలే బాధ్యత ఎవరిదో పేరు రాసి గోడకు అంటించండి. క్లోరిన్ బిళ్లలు కొని ఉంచండి, ఆర్వో యంత్రాలు కరెంటు లేకపోతే పనిచేయవు.

మీటర్లు మార్చడం మీ అంతట మీరు చేయకూడదు, సీలు ముట్టుకోకూడదు. సంఘం తరఫున డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే వారు వచ్చి చూసి, అంచనా వేసి, రుసుము కట్టించుకుని మారుస్తారు. కొత్త బోర్డుకు, లోపలి వైరింగుకు ఖర్చు మీదే. సోలార్ పెడితే ఉమ్మడి కనెక్షనుకు ఎటూ రెండు వైపులా లెక్కగట్టే నెట్ మీటరు పెట్టాలి. అందువల్ల రెండు దరఖాస్తులూ కలిపి ఇవ్వండి, ఆ మీటరును నేరుగా మొదటి అంతస్తు బోర్డులోనే బిగించమని అడగండి. ఇన్వర్టరు, బ్యాటరీ మాత్రం మెట్ల పైగదిలో కాకుండా దాని పక్కన గాలి ఆడే చోట, వాన జల్లు పడకుండా చిన్న రేకు కింద పెట్టించండి. ఆ గదిలో మనుషులు ఉండబోతున్నారు కదా.